అరిగిన బేసు

పఖోము కొత్త రాయి చెక్కుతాడు గాని అరిగిన విగ్రహాన్ని ముట్టడు. ఎంతటివాడు తెచ్చినా గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాడు. ఐగుప్తు దేశం రోము చక్రవర్తుల ఏలుబడిలో ఉన్న రోజులవి. నైలు పాయ ఒడ్డున ఆ ఊళ్లో దేవుళ్ల ప్రతిమలకైనా తాయెత్తులకైనా ముందు అతని పేరే చెప్పేవారు.

ఒకనాడు ఒక ముసలామె ఐసిసు తల్లి ప్రతిమ తెచ్చింది. మూడు తరాలవాళ్లు ముద్దులు పెట్టుకోగా ఆ తల్లి ముఖం గులకరాయిలా నున్నబడిపోయింది. పఖోము కుదరదు పొమ్మన్నాడు. ఆమె మెట్లు దిగిందో లేదో, శిష్యుడు దియోను ఉండబట్టలేకపోయాడు. వాడు గ్రీకు సిపాయి కొడుకు, ముప్పై ఏళ్లవాడు. చేతిలో పనితనముంది, నోటికే గడియ లేదు.

"గురువుగారూ, దేవత ముఖం చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మన వృత్తికి తగునా? చేతగాక పంపేశారనుకోరూ జనం?"

"అనుకోనీ. హోర్యోను ఎలాగూ అంటూనే ఉన్నాడు."

హోర్యోను పఖోముకు స్వయానా అన్న. ఇద్దరిదీ రాతిపనే, ఎదురెదురు కొట్లు. తండ్రి పోయినప్పుడు మంచి ఉలిని అన్న దాచేశాడని పఖోము నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇరవై ఏళ్లుగా రోజూ నీళ్లు పోసి పెంచుతున్నాడు. అన్నదమ్ముల మధ్య ఎత్తిపొడుపులే గాని మాటల్లేవు.

శిష్యుడి ప్రశ్నకు పఖోము సుత్తి పక్కన పెట్టాడు. వాదించలేదు. పదేళ్ల నాటి సంగతి ఒకటి చెప్పాడు.

తయేసి అని ఒక నేతపని ఆవిడ కొట్టుకు వచ్చింది. ఏడాది నిండని కొడుకు జ్వరంతో పోయాడు. పోయినవాళ్లను ఉప్పులో ఆరబెట్టి నారబట్ట చుట్టడం ఆ దేశాచారం. ఆ సాయంత్రంతో చుట్టడం ముగిస్తామని ఆ పని చేసేవాళ్లు కబురు చేశారట. బతికుండగా పిల్లవాడి మెడలో ఉన్న తాయెత్తును వాడితో పాటే పంపాలని ఆమె తపన. అది బలపపురాయితో చేసిన బేసు. బేసంటే పసివాళ్లను కాచే మరుగుజ్జు దేవుడు. సింహం ముఖం, వెళ్లబెట్టిన నాలుక. పళ్లొస్తున్న పిల్లవాడు నమిలి నమిలి ఆ ముక్కునూ నాలుకనూ అరగదీశాడు.

"తాడు దూర్చే కన్నం విరిగిందయ్యా. పక్కనే ఇంకో కన్నం పొడిచి ఇయ్యి. అంతే, ఇంకేం వద్దు."

పఖోము దాన్ని తిప్పి చూశాడు. వీపున హోర్యోను కొట్టు గుర్తు ఉంది. ఇంత మెత్తరాయి అంటగట్టాడా వీడు! ఇదీ ఒక దేవుడి ముఖమేనా!

"సాయంత్రం రా తల్లీ," అన్నాడు.

అరిగిన ముఖంలో ముక్కు లేవాలంటే చుట్టూ బుగ్గలు దించాలి. పోయిన రాయిని అతికించలేం, ఉన్న రాయిని తియ్యడమొక్కటే దారి. పఖోము తీశాడు. ముక్కు నిలబెట్టాడు, నాలుక సాగదీశాడు, కనుబొమల్లో వెంట్రుకలు కూడా గీశాడు. వీపున ఉన్న అన్న గుర్తును అరగదీసి పారేశాడు. ఆ పూట రొట్టె ముక్క ముట్టలేదు. అంతా అయ్యాక, అడిగిన కన్నం పొడిచి, ఆమె తెచ్చిన పాత తాడే ఎక్కించాడు.

తయేసి వచ్చింది. చేతిలోకి తీసుకుని చూడనైనా చూడలేదు, బొటనవేలితో తడిమింది. తర్వాత పెదవికి ఆనించుకుంది.

"ఇదెవరిదయ్యా?"

"నీదే. దేవుడికి ముఖం తెచ్చిపెట్టాను."

"మావాడి పంటిగాట్లేవి?"

"అవే గదమ్మా తీసింది!"

"వాడింకా చూసి ఎరిగే ఈడుకు రాలేదయ్యా. నోటితో ఎరుగుతాడు. అక్కడ చీకట్లో మెలకువొస్తే ముందు దీన్నే నోట్లో పెట్టుకుంటాడు. తనది కాదనుకుంటాడు. ఏడుస్తాడు. అక్కడెవరున్నారు ఎత్తుకోను?"

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టుకు తిట్టు అప్పజెప్పడం పఖోముకు బాగా వచ్చు. తాడు మాత్రం విప్పి మణికట్టుకు చుట్టుకుని, బేసును పనిబల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. వెనక్కి పిలుద్దామని అతను వీధిలోకి వచ్చాడు. ఏమని పిలవాలో తోచలేదు. ఆ సాయంత్రం పిల్లవాణ్ణి వట్టి మెడతోనే చుట్టేశారు.

ఎదురు కొట్లోంచి హోర్యోను అంతా చూశాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఏమీ అనలేదు. ఆ అనకపోవడాన్ని పఖోము ఇంతవరకూ క్షమించలేదు.

అంతవరకు చెప్పి, గురువు లేచి గూట్లోంచి ఆ చిన్న బేసును తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. దియోను దాన్ని వెలుతురుకేసి పట్టాడు. అలాంటి పనితనం వాడు పుట్టి ఎరగడు. మెచ్చుకోబోయి ఆగిపోయాడు.

"బాగా చూడు," అన్నాడు పఖోము. "పదేళ్లుగా వెతుకుతున్నాను. నాకైతే ఒక్క తప్పూ దొరకలేదు."