ధైర్యం మడుగు

నల్లేరుకోన అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, అడవిపందులు, ఏదుపందులు, కుందేళ్లు ఉండేవి. అడవి మధ్యలోంచి ఎర్రవాగు పారేది. వాగులో నీటికుక్కలు ఉండేవి. నీటికుక్క అంటే మన వీధిలో మొరిగే కుక్క కాదు పిల్లలూ. నున్నటి బొచ్చుతో, నీళ్లలో ఈదుతూ చేపలు పట్టుకు తినే జంతువు.

ఆ అడవికి పెద్ద గుబురయ్య అనే ఎలుగుబంటి. చెడ్డవాడేం కాదు. బలం ఉంది, నోరూ ఉంది. సభ పెట్టి నాలుగు మాటలు మాట్లాడటమంటే మహా సరదా. తేనె కంటే చప్పట్లే ఎక్కువ ఇష్టం ఆయనకు.

ఎర్రవాగు ఒక మలుపు దగ్గర లోతుగా మడుగు కట్టింది. ఎప్పుడో మనుషులెవరో ఆ మడుగుకు అడ్డంగా రెండు కొయ్యలు పాతి, ఇనుప తీగతో అల్లిన వల కట్టారు. తర్వాత వాళ్ల దారిన వాళ్లు పోయారు. వల మాత్రం అక్కడే ఉండిపోయింది. పైనుంచి చూస్తే కనిపించదు.

మువ్వ అనే నీటికుక్క చిన్నప్పుడు అన్నతో, చెల్లెలితో ఆ మడుగులో ఆడుకుంటూ వలలో పడింది. అన్న, చెల్లెలు ఊపిరాడక అక్కడే చనిపోయారు. మువ్వ ఎలాగో బయటపడింది. కానీ ఎడమ వెనక కాలు వలలోనే తెగిపోయింది.

నీటికుక్కకు వెనక కాళ్లే తెడ్లు. ఒక్క కాలితో తన్నితే ఒళ్లు ఒక పక్కకే తిరిగిపోతుంది. మువ్వ నీళ్లలో దిగితే గానుగెద్దులా గుండ్రంగా తిరిగేది. ఒడ్డున ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నవ్వరూ మరి, పోయింది వాళ్ల కాలు కాదుగా.

మువ్వ వాళ్లతో తగువు పెట్టుకోలేదు. కాలు ఒక పక్కకు తోస్తే, తోకతో రెండో పక్కకు సర్దుకోవడం నేర్చుకుంది. తోక వాచిపోయేది. చేపలు దొరక్క చాలాసార్లు పస్తు పడుకునేది. ఏడ్చేది, ఏడ్చి మళ్లీ నీళ్లలో దిగేది. అలా తిన్నగా ఈదడం వచ్చింది. ఆ తర్వాత వేగమూ వచ్చింది.

ఏటా వానలు తగ్గాక ఎర్రవాగులో ఈత పందెం జరిగేది. ఒక ఏడు మువ్వ కూడా పేరు ఇచ్చింది. పందెం విశేషాలు కొమ్మ మీంచి చెప్పే పని లకుముకి పిట్టది.

"కుంటి మువ్వ కూడా దిగుతోందండోయ్, ఎవరి దారికి అడ్డం వస్తుందో చూసుకోండి," అంది లకుముకి.

ఆ పందెంలో మువ్వే గెలిచింది. మరుసటి ఏడూ మువ్వే గెలిచింది.

"దానికి ఒక కాలు బరువు తక్కువ కదా, అందుకే గెలుస్తోంది," అని సణిగాడు ఓడిపోయిన ఒక నీటికుక్క.

"అంత సులువైతే నువ్వూ ఒకటి తీయించుకో," అంది మువ్వ.

గుబురయ్య పెద్ద సభ పెట్టాడు. మువ్వ మెడలో అడవిపూల దండ వేశాడు. ఆమె ధైర్యం గురించి గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. చివర్న, "ఏం కావాలో అడుగు తల్లీ," అన్నాడు.

"మడుగులో ఆ వల తీసెయ్యి పెద్దయ్యా," అంది మువ్వ. "కొయ్యలు మా బలానికి కదలవు. నువ్వు భుజం పెడితే వచ్చేస్తాయి."

"ఓస్, ఇంతేనా? వేసవి రానీ, నీళ్లు తగ్గాక పీకేస్తాను."

వేసవి వచ్చింది. గుబురయ్య సభ కోసం బండలు దొర్లించి అరుగు కట్టే పనిలో ఉన్నాడు. మువ్వ వెళ్లి గుర్తు చేసింది. "ఈ అరుగు నీకోసమే కదమ్మా కడుతున్నాను," అన్నాడు. ఆ పై వేసవిలో తేనెపట్ల పని ఉందన్నాడు. మూడో వేసవిలో ఏం చెప్పాడో ఆయనకే గుర్తులేదు.

ఎగువ అడవిలోనూ అలాంటి వలే ఒకటి ఉండేది. అక్కడి పెద్ద ఒక ముసలి ఏదుపంది. మువ్వ సంగతి విన్న వారంలోనే ఆమె అడవిపందుల్ని పోగుచేసి ఆ వల పీకించేసింది. సభ లేదు, దండ లేదు.

"మీ వైపు ఈతలో ఒక్క ఛాంపియన్ కూడా లేరటగా?" అని లకుముకి వెళ్లి ఆమెను ఎగతాళి చేసింది.

"లేరమ్మా. మా పిల్లలకు అన్ని కాళ్లూ ఉన్నాయి. మాకది చాలు," అంది ఏదుపంది.

ఇక నల్లేరుకోనలో జరిగింది వినండి. మువ్వ ఏటా గెలుస్తుంటే, ఆమెను అంతదాన్ని చేసింది ఆ మడుగేనని అందరూ అనుకోసాగారు. దానికి ధైర్యం మడుగు అని పేరు పెట్టారు. తల్లులు తమ కూనల్ని తెచ్చి దాని ఒడ్డున ముంచి తీసుకెళ్లేవాళ్లు. వాళ్లకూ మువ్వ ధైర్యం రావాలట. ఇంతకంటే తెలివితక్కువతనం ఎక్కడైనా ఉంటుందా?

మువ్వ ఒడ్డున కాపలా కూర్చుని, "అందులో దించకండమ్మా, కింద వల ఉంది," అని బతిమాలేది.

"తను తప్ప ఇంకెవరూ గెలవకూడదని. ఎంత కుళ్లో చూడండి," అని వాళ్లు మూతి తిప్పుకునేవాళ్లు.

మువ్వ ఈసారి నిండు సభలోనే అడిగింది. గుబురయ్యకు కోపం వచ్చింది.

"ఆ వలే లేకపోతే నువ్వెక్కడ ఉండేదానివి? అది నీ గురువమ్మా. గురువును పీకేయమంటావా?"

"మా అన్నా చెల్లెలూ ఆ గురువు దగ్గరే చచ్చిపోయారు పెద్దయ్యా. వాళ్లకెన్ని దండలు వేశారు?"

లకుముకి గబగబా తర్వాతి పందెం సంగతి ఎత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

గుబురయ్యకు లేకలేక పుట్టిన కొడుకు బూరె. బొద్దుగా, మెత్తగా ఉండేవాడు. వాడు కూడా ఈతలో పేరు తెచ్చుకోవాలని తండ్రికి ఆశ. ఆ ఏడు పందెం రోజు పొద్దున్నే అందరి ముందూ వాణ్ని మడుగు దగ్గరికి తీసుకొచ్చాడు. మువ్వ అప్పుడు దిగువన, పందెం మొదలయ్యే చోట ఉంది.

"నాన్నా, నీళ్లు నల్లగా ఉన్నాయి," అన్నాడు బూరె.

"మువ్వత్త భయపడిందా? ఒక్క మునక వేసి రా. నేనిక్కడే ఉన్నానుగా."

నాన్న ఉన్నాడు కదా అని బూరె దూకాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు పైకి రాలేదు. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"ఎంతసేపు ఊపిరి బిగబట్టాడో చూడండి, తండ్రిని మించిపోతాడు," అంది లకుముకి.

ఆ మాట దిగువన మువ్వ చెవిన పడింది. ఏం జరిగిందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. వాగుకు ఎదురీదుతూ వచ్చింది. బతుకులో అంత వేగంగా ఆమె ఎప్పుడూ ఈదలేదు. ఆ ఈతను ఎవరూ చూడలేదు, కొమ్మ మీంచి ఎవరూ చెప్పలేదు. అప్పటికి గుబురయ్య కూడా నీళ్లలోకి దూకి, బురద తప్ప ఏమీ కనిపించక అటూ ఇటూ దేవులాడుతున్నాడు.

తీగ బూరె మెడకు, ముందు కాళ్లకు చుట్టుకుని ఉంది. మువ్వ కొరికింది. ఆమె పళ్లు విరిగాయి. నోటి నిండా నెత్తురుతోనే తీగ విప్పి, వాణ్ని ఒడ్డుకు లాక్కొచ్చింది. తండ్రి వాణ్ని బోర్లా వేసి వీపు మీద తట్టాడు, పేరు పెట్టి పిలిచాడు, ఒళ్లంతా నాకాడు. వాడు కళ్లు తెరవలేదు.

గుబురయ్య లేచి మళ్లీ నీళ్లలో దిగాడు. మొదటి కొయ్యకు భుజం ఆనించి తోశాడు. ఊడి వచ్చింది. రెండోది కూడా వచ్చింది. వేసవి అక్కర్లేకపోయింది. నిండు నీళ్లలోనే, ఎండ ఇంకా ముదరకముందే పని అయిపోయింది. వల లాగి ఒడ్డున పడేస్తే అందులో చిన్నచిన్న ఎముకలు చాలా ఉన్నాయి. వాటిలో ఎవరివి ఏవో ఎవరికీ తెలియలేదు.

"ఇంత దుఃఖంలోనూ మన పెద్దయ్య ధైర్యం చూశారా..." అని లకుముకి అలవాటు కొద్దీ మొదలుపెట్టింది.

"నోరు మూసుకో," అన్నాడు గుబురయ్య.

ఆ రోజు పందెం జరగలేదు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. గుబురయ్య కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మువ్వ పక్కనే కూర్చుంది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు అడిగిన మొదటిసారే తీసేసి ఉంటే, వీడు బతికేవాడా అమ్మా?"

మువ్వకు ఆయన మీద జాలి వేసింది. కానీ అబద్ధం చెప్పలేకపోయింది.

"బతికేవాడు పెద్దయ్యా," అంది.

నీతి: దెబ్బ తిన్నవారి ధైర్యాన్ని పొగిడితే సరిపోదు. ఆ దెబ్బ ఇంకొకరికి తగలకుండా దాని కారణాన్ని ముందు తీసెయ్యాలి.