వెనక సీటు ఎక్కిన కాలు

గవర్రాజుకి ఆ మిట్ట లొంగడం లేదు.

లోడు లారీని ఘాట్ రోడ్ల మీద పాటలు పాడుకుంటూ తోలిన మనిషి గవర్రాజు. లారీ బోల్తాపడి కుడికాలు మోకాలి పైదాకా పోయింది, దాని చోట పెట్టుడు కాలు వచ్చింది. ఎడమకాలు మిగిలిందన్న మాటే గానీ మోకాలు వంగదు. అలాంటివాడు ఇప్పుడు విశాఖపట్నంలో, వాటర్ ట్యాంకు వెనక మిట్ట మీద, ఒక బుల్లి కారుని ముందుకి కదిలించలేక చెమటలు కక్కుతున్నాడు.

కారు మామూలు గేర్ల కారే. పెడళ్లు తీసేసి, కాళ్ల పని మాత్రం చేతులకి అప్పగించారు. స్టీరింగు కింద ఒక కడ్డీ ఉంటుంది. ముందుకి తోస్తే బ్రేకు, తనవైపు లాగితే యాక్సిలరేటరు. గేరు రాడ్డుకి స్కూటర్ క్లచ్చులాంటి పిడి ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని ఎడమచేత్తో నొక్కిపట్టి, ఆ చేత్తోనే గేరు వెయ్యాలి.

నేర్పేది విశాలాక్షి. పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కాళ్లు సహకరించనివాళ్లు ఊళ్లో ఎంతమంది కారు తోలుతున్నారో, దాదాపు అంతమందీ ఆవిడ శిష్యులే. జన్మలో పెడలు తొక్కని ఆడమనిషి తనకి బండి నేర్పడమేమిటని గవర్రాజు మొదట్లో ఇంటి దగ్గర సణిగాడు కూడా. ఆ సణుగుడు ఆవిడ చెవిన పడే ఉంటుంది. ఎప్పుడూ ఏమీ అనలేదు.

చదును రోడ్డు మీద అతనికి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా మిట్ట దగ్గరే. బ్రేకు పట్టి ఆగుతాడు. క్లచ్చు మెల్లగా వదులుతాడు. బండి వణుకుతుంది. సరిగ్గా అప్పుడు కుడిచెయ్యి బ్రేకు వదిలి, కడ్డీని ఇటు లాగాలి. వదులుతుంది గానీ లాగదు. బండి వెనక్కి జారిపోతుంది. విశాలాక్షి పక్క సీట్లోంచి హ్యాండ్ బ్రేకు లాగుతుంది.

ఆ పూట మిట్ట ఎక్కించలేకపోతే ఇక స్టీరింగు ముట్టనని భార్యకి చెప్పి బయల్దేరాడు గవర్రాజు. బావమరిది ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం చూసిపెట్టాడు. సాయంత్రానికి అవునో కాదో చెప్పాలి.

మళ్లీ జారింది. మళ్లీ హ్యాండ్ బ్రేకు.

"కడ్డీలో ఏదో తేడా ఉంది మేడమ్. బిగుసుకుపోతంది," అన్నాడు.

విశాలాక్షి చెయ్యి చాపి, ఒక్క వేలితో కడ్డీని ఇటు లాగింది. ఇంజను హాయిగా గుర్రుమంది. గవర్రాజు కిటికీలోంచి బయటికి చూశాడు.

"బండి జారేటప్పుడు టక్కుమని చప్పుడవుతోంది. ఏంటండీ అది?"

"చప్పుడేటి? నాకేటీ ఇనపడ్లేదే."

"ఈసారి వినండి."

అతను చెవులు రిక్కించి మళ్లీ మొదలుపెట్టాడు. బండి వణికింది. జానెడు జారింది. టక్.

ఈసారి విన్నాడు. తల వంచి చూశాడు. నున్నగా పాలిష్ పెట్టిన బూటులో అతని పెట్టుడు కాలు, యాక్సిలరేటరు పెడలు ఉండాల్సిన చోట నేలని అదిమిపట్టి ఉంది. కాలు వెళ్లింది కదా అని చెయ్యి ఊరుకుంది.

గవర్రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాను తొక్కమన్లేదు మేడమ్. దానంతటదే ఎల్లిపోనాది." ఇంజను ఆపేశాడు. "ఇంకొద్దు. లేని కాలే ఇంకా బండి తోల్తంటే నాను నేర్చుకునీదేటి? ఆ గేటు కాడ కుర్చీయే నయం."

విశాలాక్షి ఆ బూటు వంక చూసింది. తర్వాత, "ఆ కాలు విప్పండి," అంది.

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. కాలు విప్పేటప్పుడు కట్టుకున్న భార్యని కూడా అటు తిరగమనే మనిషి అతను.

"నడిరోడ్డు మీదా?"

"రోడ్డు మీద కాదండీ, కార్లో."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ప్యాంటు మడిచి పట్టీలు వదులు చేశాడు. కాలు ఊడదీసి, ఆవిడ వైపు చూడకుండానే అందించాడు.

ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుంది. సీటు పట్టుకుని, నడుము తిప్పి, నానా అవస్థా పడి వెనక సీట్లో కూర్చోబెట్టింది. బూటు సరిచేసింది. బెల్టు లాగి దాని చుట్టూ పెట్టింది.

"పాపం, ఘాట్ రోడ్ల మీద ఎన్నాళ్లు తోలిందో! ఇక కూర్చోనివ్వండి."

"ఆ తోలిన కాలు పోనాది మేడమ్. ఇది పెట్టుడుది."

"ఆ సంగతి దానికింకా తెలిసినట్టు లేదండీ."

గవర్రాజుకి నవ్వొచ్చింది. ఆ కారెక్కాక అతను నవ్వడం అదే మొదలు. అద్దంలోంచి వెనక్కి చూశాడు. బూటు వేసుకుని, బెల్టు పెట్టుకుని, పెళ్లికి వెళ్లే చుట్టంలా బుద్ధిగా కూర్చుంది కాలు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని తాళం తిప్పాడు.

బ్రేకు పట్టాడు. గేరు వేశాడు. క్లచ్చు మెల్లగా వదిలాడు. బండి వణికింది.

తొడ ఒక్కసారి ఎగిరిపడింది. చప్పుడు మాత్రం రాలేదు. ఏమీ అందక తొడ ఊరుకుంది. చెయ్యి కదిలింది.

కారు వెనక్కి వీసమంత కూడా జారలేదు. ముందుకి పాకింది, మూలిగింది, ఆపైన హుషారుగా మిట్టెక్కేసింది.

పైన చదునులో ఆపి, హ్యాండ్ బ్రేకు తనే లాగాడు గవర్రాజు. భార్యకి ఫోన్ చేశాడు. "మీ తమ్ముడికి చెప్పీ, ఆ కుర్చీ ఇంకెవలికైనా ఇప్పించమను," అన్నాడు. అటువైపు ఆవిడ ఏడుస్తోందని తెలిసి, తను ఏడవకుండా ఫోన్ పెట్టేశాడు.

స్టీరింగు మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఇప్పుడెటు పోనీమంటారు మేడమ్?"

విశాలాక్షి హ్యాండ్ బ్రేకు దగ్గరున్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.

"మీరెటు పోనిస్తే అటేనండీ."