కుండ మీద పేరు

గుట్ట మీది దర్గాలో మస్తాన్ పీరు మాట్లాడేది తక్కువ. ఆయన మాటలను బ్లాగులో రాసిపెట్టే శిష్యుడు రసూల్‌కు అదే పెద్ద కష్టం. ఒక మాట దొరికాక ఇంకో మాట కోసం వారాలు ఎదురుచూడాలి. ఈలోగా చదివేవాళ్లు జారిపోతున్నారు.

అందుకని అతిథులను పిలిచాడు. ఎవరు ఏది రాసి పంపినా గురువు బొమ్మ కింద పెట్టేవాడు. అడుగున రాసినవాడి పేరు చిన్నగా వేసేవాడు. చదివేవాళ్లు పెరిగారు. రసూల్ నడకే మారిపోయింది.

ఒక శుక్రవారం సుంకులమ్మ అనే ఆమె కూతురిని భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చింది. పిల్లకు మూర్ఛ జబ్బు. వస్తూ వస్తూ బస్సులోనే మూర్ఛ వచ్చి కొట్టుకుంది. పెదవి తెగి గౌను మీద రక్తం పడింది. ఇప్పుడు కళ్లు మూసుకుని తల్లి మెడ పట్టుకుని వేలాడుతోంది.

"మీరు చెప్పినట్టే చేసినా సామీ" అంది సుంకులమ్మ రొప్పుతూ. "మాత్రలు ఆపేసినా. మీ పేరే తలుచుకుంటా ఉన్నా. తగ్గకపోగా దినామూ వస్తాంది. నేనేం తప్పు చేసినా?"

"మాత్రలు ఆపమని నేను చెప్పినానా తల్లీ?"

ఆమె ఫోను చూపించింది. "మీ బొమ్మ ఉండాది గదా. ఇంకెవురు చెప్తారు?"

పీరు ఫోను వైపు చూడలేదు. రసూల్ వైపు చూశాడు. "ముందు అంబులెన్సుకు ఫోను చెయ్యి."

రసూల్ చేశాడు. గుట్ట కిందికి వస్తామన్నారు. అప్పుడు ఆమె ఫోను తీసుకుని చదివాడు. మందులు మానితేనే దువా, అంటే ప్రార్థన, పని చేస్తుందట. ఆ ముక్క వ్యాసం చివర్లో ఉంది. చివరిదాకా చదవడం అతనికి అదే మొదలు.

"ఇది నేను రాయలేదు బాబా. అతిథి రాసినాడు. అడుగున ఆయన పేరు కూడా ఏసినా."

"ఆ అతిథి ఎవురబ్బీ?" అంది సుంకులమ్మ. "మీ ఇంట్లో కూచోబెట్టి ఆయన కూడు మాకు పెట్టినావు. మీ ఇంటి కూడే అనుకొని తిన్నాం."

రసూల్ ఆమె ఫోనులో అడుగునున్న ఆ పేరు మళ్లీ చదివాడు.

పిల్ల కళ్లు తెరిచింది. "అమ్మా, నీళ్లు" అంది.

రసూల్‌కు ఊపిరి వచ్చినట్టయింది. చెంబు తీసుకుని గడప దగ్గరికి పరిగెత్తాడు. మొక్కు ఉన్నవాళ్లు కింది నుంచి నీళ్ల కుండ మోసుకొచ్చి అక్కడ పెట్టిపోవడం ఆ దర్గా ఆనవాయితీ. ఆ నీళ్లు పీరు ఒక గుక్క తాగిన తర్వాతే యాత్రికులకు పోస్తారు. ఆయన జ్వరంతో ఉన్న రోజున కూడా ఆ గుక్క తప్పలేదు.

ఆ పూట గడప దగ్గర పీరు ఇంకా గుక్క తాగని కుండ ఒకటే ఉంది. రసూల్ చెంబు ముంచాడు.

"ఎవురు తెచ్చినారు?" అన్నాడు పీరు.

"తెలీదు బాబా. నేను చూడలేదు."

పీరు లేచి వచ్చాడు. ఊదు పళ్లెంలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసి, కుండ మీద పెద్ద అక్షరాలతో 'అతిథి' అని రాశాడు.

"పేరు ఏసినా. ఇంక పట్టు పిల్లకు."

రసూల్ రెండడుగులు వేశాడు. పిల్ల నోరు తెరిచి చూస్తోంది. తెగిన పెదవి ఎండిపోయి ఉంది.

అతని చెయ్యి ముందుకు పోలేదు.

"పట్టబ్బీ, నోరెండి చస్తాంది!" అని అరిచింది సుంకులమ్మ.

రసూల్ చెంబు ఎత్తి ఒక గుక్క తాగాడు. నాలుక మీద నిలిపి, మింగి, ఇంకో గుక్క తాగాడు. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని పిల్ల పెదవులకు చెంబు అందించాడు. పిల్ల రెండు చేతులతో పట్టుకుని తాగింది.

పీరు బొగ్గు ముక్కను పళ్లెంలో వేసి వెళ్లి తన చాప మీద కూర్చున్నాడు.

పిల్లను రసూలే ఎత్తుకుని మెట్లు దిగాడు. సగం మెట్లలో ఆగి, సుంకులమ్మ చేత తన ఫోను పట్టించి, ఆ వ్యాసం తీసేశాడు. కింద అంబులెన్సు వచ్చి ఉంది. ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది.

"మాత్రలు ఎవురు ఆపమన్నారని డాక్టరు అడుగుతాడు. ఏమని చెప్పాల?"

రసూల్ పిల్లను లోపల పడుకోబెట్టి, తనూ ఎక్కి పక్కన కూర్చున్నాడు.

"నా పేరు చెప్పమ్మా" అన్నాడు.