రాజుగారి చెప్పులకు నడిచే గూళ్ళు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టి ఊరి పేరు మింగేసేవాళ్ళున్నారు. పేరు లేని ఊళ్ళో కథ ఎలా జరుగుతుంది? ఇది తుమ్మెదకొండ రాజ్యంలో జరిగింది. రాజు పేరు మార్తాండభూపతి.

ఆ రాజుకు ఏనుగుల మీద మోజు లేదు, వేట మీద మోజు లేదు. మోజంతా చెప్పుల మీదే. పడకగది పక్కన ఇరుకైన గది ఒకటి కట్టించి, నాలుగు గోడల నిండా చిన్న చిన్న గూళ్ళు పెట్టించాడు. గూటికో టేకు తలుపు, తలుపుకో ఇత్తడి బొడిపె, లోపల ఎర్ర పట్టుగుడ్డ, పురుగు పట్టకుండా నాలుగు వేపాకులు. గూటికో జత. మొత్తం నూట అరవై జతలు. రెండువందలని చెప్పేవాళ్ళు లెక్కపెట్టి చెప్పడం లేదు.

ప్రతి జతకూ పేరుంది. మల్లెమొగ్గ, పులిచార, వానకోయిల, ఇలాగన్నమాట. అన్నిట్లోకీ ప్రాణప్రదమైనది నెమలికంఠం. నీలం మీద పచ్చ తిరిగే రంగు, అంచున వెండి కుట్టు. రాజు పొద్దున్నే లేచి ఒక్కో తలుపూ తీసి, ఒక్కో జతనూ పేరుపెట్టి పలకరించి, మళ్ళీ తలుపు వేసేవాడు. రాణిగారిని పలకరించేది ఆ తరవాతే.

తొడగడం మాత్రం ఒక్కసారే. కొత్త తోలు కదా, కరుస్తుంది. బొబ్బలెక్కిన కాలు రెండోరోజు ఆ జత దగ్గరికి పోదు. జత గూట్లోకి పోతుంది, రాజు ఇంకో జత కుట్టమంటాడు.

కుట్టేది సుంకులయ్య. కోట వెనక వాగు ఒడ్డున తోళ్ళ వీధి ఉంది. పదకొండు ఇళ్ళు, ఇళ్ళ ముందు తోళ్ళు నానబెట్టే లందలు. ఆ వీధికి పెద్ద సుంకులయ్యే. కొలువులో ఆయనకు చోటుంది గానీ అది గుమ్మం పక్కన. అక్కడినుంచి రాజు ముఖం కంటే రాజు పాదాలే బాగా కనిపిస్తాయి. ఆయనకు కావలసిందీ అవే.

ఒకనాడు నూట అరవై ఒకటో జత వచ్చింది. పెట్టడానికి గూడు లేదు. రాజు దిగులుపడ్డాడు.

దివాను కేశవయ్య లేచి నిలబడ్డాడు. ఈయన రాజును పొగడకుండా ఆవులించను కూడా ఆవులించడు. "ప్రభువుల పాదం వంటి పాదం ముల్లోకాల్లో లేదు. ఆ పాదం తొడిగినవాటికి ఇరుకు గది ఏమిటి? కోట వెనక తోళ్ళ వీధి తీయించి, అక్కడ పాదరక్షల మందిరం కట్టిద్దాం. ఆ కంపు కూడా వదిలిపోతుంది" అన్నాడు.

కంపు అన్నాడు. ఆ కంపులోంచి పుట్టినవే రాజుగారి నూట అరవై జతలూ. సుంకులయ్య ఆ మాట మరవలేదు. మీరూ మరవకండి.

"కార్తీక పున్నమి లోగా వీధి ఖాళీ కావాలి" అన్నాడు రాజు.

సుంకులయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఆయన భార్య మారెక్క మజ్జిగ చెంబు చేతికిచ్చి, సంగతంతా విన్నది.

"నువ్వేమంటివి?"

"ఏమంటా? గుమ్మం కాడ నిలబడేటోణ్ణి."

"మూడు తరాల లందలు. ఈ వాగు నీళ్ళు కాకుండా ఇంకోచోట తోలు పదును తేలుతుందా?"

"తేలదు."

"మరి ఈ పదకొండు ఇళ్ళోళ్ళు ఏం తిని బతకాల? రాజుకు ఆ ముక్క చెప్పు."

"మన ఆకలి రాజు చెవికి ఎక్కదే. ఆయన చెప్పులకు ఆకలేస్తోందని చెబితే ఎక్కుతుంది."

"చెప్పులకు ఆకలేమిటి, నీ మొహం" అన్నది మారెక్క. అంతలోనే, "నిజమే, తొడగని తోలు ఆకలికి ఎండుతుందని మా నాయన కూడా అనేవాడు" అన్నది.

మర్నాడు సుంకులయ్య గుమ్మం దగ్గర నిలబడలేదు. నడుచుకుంటూ వచ్చి సింహాసనం ముందు వంగాడు.

"ప్రభూ, ఒక్కసారి నెమలికంఠం తెప్పించండి."

పళ్ళెంలో పట్టుగుడ్డ కప్పి తెచ్చారు. సుంకులయ్య ఒక చెప్పు తీసి మెల్లగా వంచాడు. ఎండుకొమ్మ విరగబోయేటప్పటి చప్పుడు వచ్చింది. రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

"ఏం చేశావురా దానికి?"

"నేనేం చేయలేదు ప్రభూ, గూడు చేసింది. గాలి లేదు, కదలిక లేదు. తోలు ఎండిపోతోంది. ఇంకో ఏడాది పోతే తలుపు తీసినప్పుడు పొట్టు రాలుతుంది. నూట అరవై జతలదీ ఇదే గతి. వీటిని ఇంత పెద్ద మందిరంలో పెట్టినా, పెద్ద మందిరంలో పొట్టు రాలుతుంది, అంతే తేడా."

రాజు ముఖం వాడిపోయింది. "ఉపాయం ఉందా?"

"ఉంది. కొత్తగా మూర నేల కూడా అక్కర్లేదు. వీటికి తగిన గూళ్ళు ఊళ్ళో ఇప్పటికే ఉన్నాయి. నాకు ఒక మండలం గడువివ్వండి. నలభై రోజులు తాళం చెవి నా దగ్గర ఉండాలి, ఎక్కడ పెట్టావని అడగకూడదు. నలభయ్యో రోజున నెమలికంఠం మీ కాలికి కరవకపోతే మా వీధి మాకు వదిలేయండి."

"కరిస్తే?" అన్నాడు దివాను.

"వీధితో పాటు నన్నూ పొలిమేర దాటించండి."

రాజు ఒప్పుకున్నాడు. దివాను మీసంలో నవ్వుకున్నాడు.

సుంకులయ్య దగ్గర రాజుగారి పాదం కొలత ఉంది. తాటాకు ముక్క. మడమ దగ్గర ఒక గాటు, బొటనవేలి దగ్గర ఒక గాటు. దాన్ని రొంటిన దోపుకుని ఊరి మీద పడ్డాడు. సంతలో, సత్రంలో, చావిడి దగ్గర, ఎక్కడ కాలు చాపుకుని కూర్చున్నవాడు కనిపిస్తే అక్కడ వంగి తాటాకు పెట్టి చూశాడు. ముల్లోకాల్లో లేని పాదం కదా, ఆ ఒక్క ఊళ్ళోనే రెండువందల పైచిలుకు దొరికాయి. అందులోంచి ఏరుకున్నాడు. నడక మెత్తగా ఉండాలి, మడమ పగుళ్ళు ఉండకూడదు, కాళ్ళీడ్చేవాడు పనికిరాడు.

పులిచార మంత్రసాని గంగులమ్మకు దక్కింది. ఆమె పాదం మగవాడి పాదమంత. వానకోయిల ఉత్తరాలు మోసే వీరన్నకు దక్కింది. నెమలికంఠాన్ని సంత దగ్గర కాపలా తిరిగే బాలప్పకు ఇచ్చాడు. బాలప్ప నడిస్తే చీమ కూడా పక్కకు తప్పుకోదు, అంత నెమ్మది.

"కాళ్ళు కడుక్కుని తొడగాల. పొద్దున రెండు గడియలు, సాయంత్రం రెండు గడియలు నడవాల. పొలంలోకి పోకూడదు, పేడ తొక్కకూడదు. శనివారం ఆముదం పట్టించాల, ఆదివారం నీడన ఆరబెట్టాల" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. గంగులమ్మ నవ్వింది. "బాలింతకు కూడా నేనింత పథ్యం చెప్పను సుంకన్నా" అన్నది.

బాలప్పకు మాత్రం నవ్వు రాలేదు. "మామా, కోటవీధిలో మనం చెప్పులు విడిచి చంకన పెట్టుకుని పోవాల గదా. రాజు చూస్తే తోలు తీస్తాడు."

"ఈ నలభై రోజులు కోటవీధికి రావద్దు. నేను పిలిచిననాడు మాత్రం తొడుక్కునే రావాల. రాజుగారి సొత్తు చంకన పెట్టి తెస్తే అపచారం" అన్నాడు సుంకులయ్య. బాలప్పకు సగం అర్థమైంది, మిగతా సగం మామ మీద నమ్మకంతో సర్దుకున్నాడు.

ఆ నలభై రోజులూ రాజు పావుకోళ్ళతో గడిపాడు. పొద్దున్నే తాళం వేసిన తలుపు ముందు నిలబడి నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు. అన్నం సయించలేదంటారు. నేనది నమ్మను, ఆ ఇంట్లో వంటవాడు గట్టివాడు.

నలభయ్యో రోజు వచ్చింది. గది తలుపు తీశారు. రాజు మొదటి గూడు తీశాడు. వేపాకులున్నాయి, చెప్పులు లేవు. రెండోది తీశాడు. నూట అరవై గూళ్ళూ తీశాడు, అన్నీ అంతే.

"ఏవిరా నా చెప్పులు?"

"గూళ్ళలోనే ఉన్నాయి ప్రభూ."

"ఇవి ఖాళీ కదరా."

"ఇవి కావు ప్రభూ. ఇవి మేకుతో గోడకు కొట్టినవి. నేను చూసిన గూళ్ళు వేరే. వాటికి గాలి ఉంది, కదలిక ఉంది, ఒక్కోదానికి అయిదు వేళ్ళ గడియ ఉంది. మోసుకురానక్కర్లేదు, పిలిస్తే అవే వస్తాయి. నగారా కొట్టించండి."

నగారా మోగింది. రాజు కోట మెట్ల మీదికి వచ్చాడు. ముందు చప్పుడు వచ్చింది. కిర్రు కిర్రుమని, ఒకదాని వెనక ఒకటి, వీధి మొగలోంచి. తరవాత మనుషులు వచ్చారు. గంగులమ్మ ముందు, వీరన్న వెనక, నూట అరవై మంది, కోటవీధి నడిమధ్యన, తలెత్తుకుని, చెప్పులతో.

దివాను మేడమీంచి పరుగెత్తుకు వచ్చాడు. "చెప్పులతో కోటవీధికా? కట్టేయండి వీళ్ళను. ముందు ఈ సుంకులయ్యను కట్టేయండి."

"కడుదురుగానీ దివాను పంతులుగారూ, ముందు శాసనం చెప్పండి" అన్నాడు సుంకులయ్య.

"చెప్పేదేముంది. ఎవరూ తమ చెప్పులతో కోటవీధికి, ప్రభువుల ఎదుటికి రాకూడదు."

"వీళ్ళలో తమ చెప్పులతో వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

దివాను అటూ ఇటూ చూశాడు.

"ఇవి ప్రభువులవంటే వీళ్ళ తప్పు లేదు. తప్పుందంటే, ఇవి వీళ్ళవని మీరు ఒప్పుకున్నట్టు. నూట అరవై జతలూ ఇంటికి పట్టుకుపోతారు. ఏ మాటంటారో తమరే అనండి."

రాజు మాత్రం ఇంకోచోట ఆగిపోయాడు. జనం పాదాలను చూస్తున్నాడు.

"దివానుగారూ, నా పాదం వంటిది ముల్లోకాల్లో లేదన్నారు."

"అది... ప్రభూ..."

"ఆ మంత్రసానికి కూడా అతికినట్టు సరిపోయిందే."

గంగులమ్మ దణ్ణం పెట్టింది. "మీరు పుట్టినప్పుడు పురుడు పోసిన మా అత్త మీ కాలు చూసి, ఇది మన ఇంటి కాలంత ఉందే అన్నదట దొరా" అన్నది.

ఇంతవరకూ సుంకులయ్య చెప్పింది మాటలు. ఇక నిలబెట్టవలసింది తోలు. అది కరిస్తే పదకొండు ఇళ్ళు పోతాయి.

బాలప్ప నెమలికంఠం విడిచి రాజు ముందు పెట్టాడు.

"ఊళ్ళో తిరిగినవాడి కాలిది ప్రభువులు తొడుగుతారా?" అన్నాడు దివాను, ప్రాణం లేచివచ్చి.

రాజు ఆ జత వంక చూశాడు. పట్టాభిషేకం నాడు తొడిగి, అది కరుస్తుంటే పైకి నవ్వుతూ లోపల ఏడ్చిన జత అది. రంగు ఇప్పుడు లోపలినుంచి మెరుస్తోంది. రాజు పావుకోళ్ళు వదిలాడు. కాలు పెట్టాడు. ఒక అడుగు వేసి ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. మెట్లు దిగాడు. వీధిలోకి పోయాడు. జనం మధ్యనుంచి నడుస్తూ వీధి చివరిదాకా పోయి తిరిగివచ్చాడు. వచ్చేటప్పటికి నడక కాదు, ఇంచుమించు పరుగు.

"కరవలేదు సుంకులయ్యా" అన్నాడు. "పదకొండేళ్ళుగా దీన్ని చూస్తూ బతికాను. ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు."

"నడిచినకొద్దీ ఇంకా మెత్తబడుతుంది ప్రభూ. దాన్ని గూట్లో పెట్టకుంటే చాలు."

రాజు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. కోటవీధిలో చెప్పుల కట్టడి ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. మిగిలిన జతలన్నీ తొడుక్కున్నవాళ్ళకే వదిలేశాడు, ఒక్క షరతుతో. రోజూ పొద్దున్నే కోట ముందునుంచి నడిచిపోవాలి, ఆయన మేడమీంచి ఒక్కో జతనూ పేరుపెట్టి పిలుస్తాడు, వాళ్ళు పలకాలి. పులిచారా అంటే గంగులమ్మ, ఉన్నా దొరా అనేది. గూళ్ళ గదిని రాణిగారు ఆ సాయంత్రానికే ఊరగాయ జాడీలతో నింపేసింది. ఆమె ఎన్నేళ్ళనుంచి కాచుకుని ఉందో.

తోళ్ళ వీధి తరతరాలకూ తోళ్ళవాళ్ళదేనని రాజు రాగిరేకు చెక్కించాడు. సుంకులయ్యకు జరీ శాలువా కప్పి, కొలువులో గుమ్మం దగ్గరి చోటు తీసేసి తన కుడిపక్కన చోటిచ్చాడు. "ఇంకేం కావాలో అడుగు" అన్నాడు.

"ఒక్క చిక్కు మిగిలింది ప్రభూ. నూట అరవై ఒకటో జత. దున్నతోలు, రెండు పొరలు. దానికి గూడు దొరకలేదు. తొడిగినవాడి కాలిని మొదటి మండలం గట్టిగానే కరుస్తుంది."

రాజు మెల్లగా దివాను వైపు తిరిగాడు. "కేశవయ్యగారూ, కాలు చాపండి."

సుంకులయ్య వంగి తాటాకు పెట్టాడు. మడమ గాటు దగ్గర మడమ, బొటనవేలి గాటు దగ్గర బొటనవేలు. వెంట్రుకవాసి తేడా లేదు.

"నా పాదమే" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "ముల్లోకాల్లో లేనిది మీ దగ్గరే ఉంచుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా?"

దివాను ఆ జత తొడుక్కుని ఇంటిదారి పట్టాడు. కిర్రుమంటే ఒక అడుగు, అబ్బా అంటే ఇంకో అడుగు. అడ్డదారి తోళ్ళ వీధిలోంచే. అరుగుల మీదివాళ్ళంతా మర్యాదగా లేచి నిలబడ్డారు. మారెక్క ఆముదం గిన్నె పట్టుకుని ఎదురు వచ్చింది.

"శనివారం శనివారం పట్టించండి పంతులుగారూ" అన్నది. "కాళ్ళకు కాదు, చెప్పులకు."