కుంకుడు చెట్టు కింద కినోవా

అనంతపురం వైపు ఒక కినోవా చేను. చేను గట్టున కుంకుడు చెట్టు. ఆ చెట్టు మొదలుకి ఓ మధ్యాహ్నం చుక్కమ్మ అనే పెట్టకోడి కట్టేసి ఉంది. కట్టింది జంబన్న అనే నక్క. కాపలా కుక్క గండోడు సంత బండి వెంట వెళ్లాడు, పొద్దు వాలితే గాని రాడు. అది తెలుసుకున్నాకే జంబన్న దొడ్లో కాలు పెట్టాడు.

మూడు రాళ్ల పొయ్యి రాజుకుంటోంది. పక్కన, ఎత్తుకొచ్చిన కినోవా గింజల చట్టి.

"కోడికూరలోకి అన్నం గదా ఉండాలి మామా?" అంది చుక్కమ్మ.

"షుగరొచ్చింది అమ్మాయ్. వైద్యం చేసే కొంగ అన్నం మానమంది. నిన్ను మానమనలేదు."

"మరి ఈ గింజలు రుచిగా ఉంటాయా?"

జంబన్న మొహం వేలాడేశాడు. "మొన్న వండితే వేపాకు నమిలినట్టుంది. మీ అత్త నన్నూ చట్టినీ కలిపి బయటికి విసిరింది. ఇవాళ కూడా చేదైతే గుహలోకి రానివ్వదు."

"కడిగావా?"

"కడగడానికి అవేమన్నా బురదలో పొర్లాయా?"

"అయ్యో మామా! ఈ చేలో పిచ్చుక వాలడం ఎప్పుడైనా చూశావా? గింజ మీద చేదు పొర ఉంటుంది. నీళ్లు తగిలితే సబ్బులా నురగ కక్కుతుంది. ఆ నురగ ఆగేదాకా కడగాలి. నేనెట్లాగూ కూరైపోతాను. నా పక్కన చేదు గింజలు వడ్డిస్తే మా కోళ్ల వంశానికే మచ్చ!"

జంబన్న గుండె కరిగింది. కడుపు మాత్రం కరగలేదు. "ముందు నిన్ను కోసి, ఆ తర్వాత కడుగుతాలే."

"కోసేస్తే మిగతాది ఎవరు చెబుతారు? వేయించడం ఉంది, నీళ్ల కొలత ఉంది, మగ్గబెట్టడం ఉంది."

అదీ నిజమేననుకుని జంబన్న నీళ్లు పోసి గింజల్ని రుద్దాడు. బుసబుసా నురగ! "ఓరి నీ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం!" అంటూ ఆ నీళ్లు వంచేసి, కొత్త నీళ్ల కోసం ముంత పట్టుకుని కాలవకి పరిగెత్తాడు.

అతను అటు తిరగ్గానే చుక్కమ్మ రాలిన కుంకుడు కాయని కాలితో లాగి, ముక్కుతో చితగ్గొట్టి, చట్టిలో పడేసింది.

ఈసారి నురగ మోచేతుల దాకా వచ్చింది. మళ్లీ కాలవ, మళ్లీ కాయ. మీసాల దాకా వచ్చింది.

"ఇవేం గింజలే? చాకిరేవు పెట్టినట్టుంది!"

"మేలు రకం మామా. ఎంత నురగో అంత బలం."

"ఆకలి రుచెరగదంటారు. ఇట్లాగే వండేస్తా."

"ఆకలి ఎరగదు సరే. అత్త ఎరుగుతుంది గదా?"

జంబన్న మళ్లీ ముంత ఎత్తాడు. పొద్దు వాలింది. సంత బండి గజ్జెలు మోగాయి గానీ, నురగ నిండిన చెవులకి వినపడితేనా!

"ఎవర్రా అక్కడ బట్టలుతుకుతోంది?" అని గర్జించాడు గండోడు.

జంబన్న లేచాడు. కళ్లలో కుంకుడు రసం. పొయ్యి రాయి తన్నుకుని, తుమ్మకంపలో దూరి, కాలవలో దూకి అవతలి గట్టెక్కాడు. అంత దూరమూ బుడగలే.

గండోడు తాడు కొరికేశాడు. "బతికావే చెల్లీ! పద ఇంటికి."

"ఇంత కడిగాక వదిలేస్తామా అన్నా?"

చుక్కమ్మ కుంకుడు తొక్కలన్నీ ఏరేసి, నురగ కనపడనంత వరకూ మంచినీళ్లతో జాడించింది. చట్టిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, గ్లాసు గింజలకి రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి, సన్నమంట మీద మూతపెట్టింది. నీళ్లింకాక దించింది. గండోడు మూత తీయబోతే మూతి మీద ఒక్కటి పొడిచింది. "మగ్గనీ!" మగ్గాక పొడిపొడిగా చేసి, సంత నుంచొచ్చిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు వేసింది. ఆ ఘుమఘుమ కాలవ దాటింది.

"అమ్మాయ్, చేదుందా?" అని అవతల్నుంచి కేకేశాడు జంబన్న.

"లేదు మామా! చెయ్యి తిరిగినవాళ్లు కడిగారు మరి!"

"మీ అత్తకైనా కాస్త పంపవే..."

చుక్కమ్మ ఓ పిడికెడు ఆకులో పొట్లం కట్టి గట్టు మీద పెట్టింది. "అత్తకే సుమా! నేనే వండానని కోతలు కొయ్యకు. కడిగానని మాత్రం చెప్పుకో, పాపం, అది నిజమే."

నురగకి మురిసేవాడు చట్టి అడుగు కూడా చూసుకోవాలి.