వరహాలు ఉతికిన విసనకర్ర

అనగనగా సముద్రపొడ్డున ఒక ఊళ్ళో, ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలన్నీ తుప్పు పట్టిన వీధిలో, వరహాలని ఒక కోడలుండేది. కాళ్ళు కదపకమ్మా, దుప్పటి జారిపోతోంది. ఆఁ, వరహాలు.

వరహాలుకి దుమ్ము కనబడితే చేతులు ఊరుకునేవి కావు. గిన్నె తోమితే అందులో మొహం కనబడాల్సిందే. ముగ్గుల్లో అయితే ఆ వీధిలోనే ఆమెకి సాటి లేరు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గైనా సరే, గీత తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసేది. కలవకపోతే ఆ పూట అన్నం తినేది కాదు.

ఆమె అత్తగారి పేరు నరసాయమ్మ. ఆవిడ రంగంలో పుట్టింది. రంగమంటే సముద్రానికి అవతల, ఓడెక్కి వెళ్ళాల్సిన ఊరు. యుద్ధమొచ్చినప్పుడు చిన్నపిల్లగా వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని, అడవుల్లోంచి నడుచుకుంటూ ఈ ఊరు వచ్చేసింది. వాళ్ళతో వచ్చిన వస్తువు ఒక్కటే. వెదురుపుల్లల మీద కాగితం అంటించిన గుండ్రటి విసనకర్ర. దాని మీద చీనావాళ్ళ తీరులో ఒక నీలిమబ్బు, ఒక పెద్ద ఎర్రపువ్వు, ఒక కొంగ ఉండేవి.

ఆవిడ కూర్చున్నా అదే, పడుకున్నా అదే. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఒకరోజు అత్తగారు స్నానానికి వెళ్ళింది. అప్పుడు వరహాలు కళ్ళు ఆ విసనకర్ర మీద పడ్డాయి. పిడంతా జిడ్డు, కాగితమంతా మసి. "పాపం, మెరిసిపోతుంటే చూసి సంతోషిస్తాది," అనుకుంది. కుంకుడు రసంలో నానబెట్టింది. ఆ తర్వాత కొబ్బరిపీచు పుచ్చుకుని రుద్దింది.

ముందు మబ్బు పోయింది. ఆ తర్వాత పువ్వు పోయింది. ఆ తర్వాత కొంగా పోయింది, కాగితమూ పోయింది. పుల్లలు మాత్రం తళతళలాడిపోతున్నాయి.

అత్తగారు వచ్చి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండును. ఆ పుల్లల్ని తీసుకెళ్ళి తలగడ కింద పెట్టుకుంది. ఆ రోజునించి వరహాలుతో మాట మానేసింది.

మిగతా అందరితోనూ మాట్లాడేది. చేపలమ్మే ఆవిడతో మాట్లాడేది, పాలవాడితో మాట్లాడేది, ఆఖరికి పెరట్లో కోడితో కూడా మాట్లాడేది.

"ఒసే కోడీ, పులుసులో ఉప్పు లేదని ఆ మనిషికి చెప్పవే," అనేది.

"అత్తా, నేనిక్కడే ఉన్నాను కదా!" అనేది వరహాలు.

"చూశావా కోడీ, ఈ ఇంట్లో ఏదో చప్పుడవుతోంది."

వరహాలుకి ఒళ్ళు మండిపోయేది. తప్పు చేసిందే, కాదనలేదు. కాళ్ళు పట్టుకుంటే అత్తగారు కాళ్ళు ముడుచుకుంది. బజారునించి కొత్త ప్లాస్టిక్ విసనకర్ర తెచ్చిస్తే దాంతో ఈగల్ని కొట్టింది. పనసతొనలు వలిచి పెడితే కోడి ముందు పోసింది. ఆ కోడి కూడా వరహాలుని చూసి మెడ ఎత్తుకుని నడవడం మొదలెట్టింది.

అలా నెల గడిచింది. పొద్దున్న లేస్తే ఒక్క మాట లేదు, పడుకోబోతే ఒక్క మాట లేదు. తల్లిలేని పిల్ల వరహాలు. పెళ్ళైన దగ్గర్నించి మంచికీ చెడ్డకీ మాట్లాడేది ఆ అత్తగారే. ఇల్లంతా మనుషులున్నా ఆమెకి ఎవరూ లేనట్టే ఉండేది.

ఆ ఊళ్ళోనే కూర్మయ్య తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన రంగంలో ఒక చీనా గొడుగుల దుకాణంలో, కాగితం మీద నీళ్ళరంగులతో పువ్వులూ మబ్బులూ వేసేవాడు. వరహాలు ఆయన దగ్గరికి పరుగెత్తి, జరిగిందంతా చెప్పింది.

"తాతా, ఒక్క కొంగ వేసియ్యి, నీ పేరు చెప్పుకుంటాను," అంది.

తాత తన చేతులు చూపించాడు. గాలికి ఆకులు వణికినట్టు వణుకుతున్నాయి. "నావల్ల కాదమ్మా. నేర్పుతాను, నువ్వే వేసుకో. కడిగింది నువ్వే కదా," అన్నాడు.

నేర్చుకోవడమా! నలభై ఏళ్ళొచ్చాక! అయినా వరహాలు సరేనంది. ముగ్గులేసే చేతికి ఒక మబ్బు ఎంతలే అనుకుంది.

మొదటి వారం మబ్బు. తాత గుండ్రంగా కత్తిరించిన మెత్తటి కాగితం ఇచ్చాడు, పొడుగు కుంచె ఇచ్చాడు. "కుంచె నిలువుగా పట్టుకో. నిండా నీళ్ళు తాగించు. కొసకి మాత్రం నీలం ముట్టించు. ఒక్క ఊపులో తిప్పి వదిలెయ్యి," అన్నాడు.

వరహాలు ఏం చేసిందో తెలుసా? కాగితం మీద వరసగా చుక్కలు పెట్టింది!

"మబ్బుకి చుక్కలేటమ్మా?" అన్నాడు తాత.

"చుక్కలు లేకుండా ఎక్కడ మొదలెట్టాలి తాతా?"

ఆ తర్వాత ఆ చుక్కల చుట్టూ గీత తిప్పింది. తిప్పి తిప్పి, మబ్బు తోకని తెచ్చి మబ్బు మొహానికి కలిపేసింది. అది మబ్బులా లేదు, పళ్ళెంలో వేసిన జంతికలా ఉంది.

"తోక కలపకమ్మా. మబ్బన్నాక ఎటో పోతుండాలి," అన్నాడు తాత.

"కలవని గీత గీత కాదు," అంది వరహాలు. మళ్ళీ వేసింది, మళ్ళీ కలిపింది. ఆ వారమంతా పాతిక జంతికలు వేసింది. వద్దనుకుంటూనే ఉంది, చెయ్యి పోయి కలిపేస్తోంది. చేతినేం చేస్తాం!

రెండో వారం పువ్వు. రేకు మీద రేకు, గుత్తిగా ఉండే చీనా పువ్వు. వరహాలు ఎనిమిది రేకులూ కొలిచినట్టు వేసింది. అప్పుడు ఒక రేకు చివర ఎరుపు కొంచెం పాకింది. ముగ్గులో గీత వంకరపోతే ఏం చేస్తాం? చేత్తో తుడిచి మళ్ళీ వేస్తాం. వరహాలు కూడా పమిట కొంగుతో తుడిచింది. రంగు పోలేదు, ఇంకా పాకింది. గట్టిగా తుడిచింది. కాగితానికి చిల్లు పడింది. చిల్లులోంచి తాత చాప కనబడింది.

"తుడవొద్దని చెప్పానా లేదా?" అని అరిచాడు తాత.

"చెప్పావు! వంద సార్లు చెప్పావు! అది పాకుతుంటే చూస్తూ ఎలా కూర్చోను?" అని ఆమె ఇంకా గట్టిగా అరిచింది.

"పాకనీ. పాకితేనే రేకు. నీళ్ళ పని నీళ్ళని చెయ్యనివ్వాలమ్మా, అన్నీ నువ్వే చేస్తానంటే ఎలా?"

ఆ రోజు ఇంటికొచ్చేసరికి వరహాలు చీరంతా ఎర్రటి మరకలు. అత్తగారు చూసింది. "కోడీ, ఎవరో కారప్పొడి కొట్టుకొచ్చినట్టున్నారు," అంది. వరహాలు తలుపు ధడేలున వేసుకుని కూర్చుంది.

మూడో వారం కొంగ. కష్టమనుకున్నది అదే, కానీ కొంగ బాగా కుదిరింది. మెడ కుదిరింది, రెక్క కుదిరింది. తాత మొహం విప్పారింది. నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కొంగ చుట్టూ పదహారు చిన్నపువ్వులు, నాలుగు దీపాలు, అంచున ఒక అరటి గెల ఉన్నాయి.

తాత గోడకి చేరబడి కూర్చున్నాడు. "అమ్మా వరహాలూ. కొంగ ఎగరడానికి జాగా ఏదమ్మా?"

"అంత ఖాళీ వదిలేస్తారా తాతా? మనిషి పోయిన ఇంటి వాకిలే అలా ముగ్గులేకుండా ఉంటాది. నాకు చూస్తుంటే గుండె దడదడలాడింది."

"అది వాకిలి కాదమ్మా, ఆకాశం!"

వరహాలు కుంచె విసిరి కొట్టింది. "నీ చీనా బొమ్మా వద్దు, నీ కొంగా వద్దు. ఇంక నా మొహం చూపిస్తే అడుగు!" అని విసవిసా వచ్చేసింది.

వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. గాలి ఆడట్లేదు. అత్తగారు మంచం మీద నిద్రపోతోంది. ఆవిడ చేతిలో ఆ ఉత్త పుల్లలున్నాయి. నిద్రలోనే వాటితో విసురుకుంటోంది. కాగితం లేని పుల్లలకి గాలెక్కడిది? నుదుటి మీద చెమట అలాగే కారుతోంది.

వరహాలు గుమ్మంలో నిలబడి చూసింది. ఏడుపొచ్చింది. ఏడుపు మీద కోపమొచ్చింది. తన మీద కోపం, కుంకుడుకాయల మీద కోపం. అలాగే వెనక్కి తిరిగి, కాలుతున్న నేల మీద చెప్పుల్లేకుండా తాత ఇంటికి వెళ్ళింది.

"మొహం చూపించనన్నావు?" అన్నాడు తాత.

"మొహం చూడకు. కాగితం ఇయ్యి," అంది.

ఆ కోపంలో చుక్కలు పెట్టడం మర్చిపోయింది. కుంచె తిప్పింది, మబ్బు తోక గాలికి వదిలేసింది. కలపాలని చెయ్యి లాగుతుంటే పళ్ళు బిగించింది. ఆ తర్వాత పువ్వు వేసింది. ఎరుపు పాకింది. కళ్ళు మూసుకుని "పాకు తల్లీ, నీ ఇష్టం," అంది. ఆ తర్వాత కొంగ వేసింది. దాని ముందు అరచేయంత తెల్లటి ఖాళీ మిగిలింది. అక్కడొక చిన్న పువ్వు, ఒక్కటంటే ఒక్కటి వేద్దామని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

అప్పుడు కుంచె తీసి తాత చేతిలో పెట్టేసింది. "పట్టుకో తాతా. నా దగ్గరుంటే నేను ఆగను," అని రెండు చేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. కాగితం ఆరేదాకా అలాగే కూర్చుంది.

ఆరాక తెచ్చి, అత్తగారి పక్కన పెట్టి, తలుపు చాటున నిలబడింది.

నరసాయమ్మ లేచింది. కాగితం తీసింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. కొంగ మీద వేలు పెట్టి నిమిరింది. అప్పుడు మొదలెట్టింది.

"మబ్బేటి ఇంత లావుంది? ఈ కొంగ కాళ్ళు చీపురుపుల్లల్లా ఉన్నాయి. మా నాన్న కొన్న కొంగ ఎంత దర్జాగా ఉండేదో నీకేటి తెలుసు? తెలిస్తే కొబ్బరిపీచుతో తోముతావా? నిన్నే వరహాలూ! ఆ తలుపు చాటున నిలబడ్డావేటి? పోయి మైదాపిండితో లై కాయి. పలచగా చెయ్యకు."

వరహాలు ఏదో చెప్పబోయింది. అత్తగారు చెప్పనిస్తేగా! లై కాస్తున్నంతసేపూ తిట్టింది. పుల్లలకి కాగితం అంటిస్తున్నంతసేపూ తిట్టింది. ఎండలో ఆరబెట్టి తెచ్చేదాకా తిట్టింది. అప్పుడు గాని ఆవిడ గొంతు తగ్గలేదు.

"అడవిలో నడిచొచ్చిన దారంతా నాన్న నాకు విసురుతూనే ఉన్నాడే. నేను నిద్రపోయినా ఆపలేదు," అంది.

ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. అనేసి, మంచం మీద వాలి, విసనకర్ర కోడలి చేతిలో పెట్టింది.

"విసురు."

వరహాలు విసిరింది. విసిరింది, విసిరింది. పొద్దు వాలింది. "చెయ్యి నొప్పెడుతోంది అత్తా," అంది.

"నొప్పెట్టనీ. ఎండాకాలమంతా గాలి లేకుండా పడుకున్నాను. కొంగని ఇటు తిప్పు, నాకు కనబడాలి. ఆఁ. ఇప్పుడు విసురు."

కథేమో కంచికి, గాలేమో మంచానికి,
కునుకేమో కంటికి, మనమేమో ఇంటికి.