రంగప్ప డప్పులు

రాజ్యం పొలిమేరలో పులులు తిరిగే అడవి ఉండేది. అడవి కొట్టి సాగుచేసినవాళ్ళదే ఆ నేల అన్నాడు రాజు. మొగుడు పోయిన నూకాలు ఒంటిచేత్తో చెట్లు నరికి జొన్న పండించింది. ఆ పంట చూసి అధికారి రంగప్పకి కన్నుకుట్టింది. పులుల భయంతో దారంతా డప్పులు కొట్టించుకుంటూ వచ్చాడు.

“ఆడదానివి, నువ్వు అడవి కొట్టడమేమిటి? ఈ చుట్టుపక్కల అడవన్నదే లేదు. ఎప్పుడూ మైదానమే. చేను సర్కారుది,” అన్నాడు.

“చిత్తం దొరా. మైదానంలో పులులుండవు కదా, డప్పులవాళ్ళని కోతకి ఇక్కడ ఉంచి మీరు వెళ్ళండి,” అంది నూకాలు.

రంగప్ప వాలుతున్న పొద్దునీ, వచ్చిన దారినీ చూశాడు.

“అడవేలే. చేను నీదే,” అని గొణిగాడు.

“ఆ మాటే డప్పేయించి చాటుకుంటూ వెళ్ళండి దొరా. పులులూ వింటాయి.”